దగ్గున్న డప్పు

ఫర్వానియాలో మా గది ఆరు మంచాలది.
పై మంచం నాదీ, నా కీబోర్డుదీ.
శుక్రవారం సంతలో ఎనభై దినార్లకు కొన్నాను.
రెండు మీటలు పలకవు.

అందులో లేని వాద్యం లేదు.
పియానోలే పదిహేడు, బాకాలు, తీగల గుంపులు,
ఎవరి ఊరివో తెలియని గంటలు కూడా.
డప్పు మాత్రం లేదు.
చేసినవాళ్ళెవరూ రాయచోటి దారిన పోయుండరు,
వాళ్ళ తప్పు కాదు.

పగలంతా ఏసీ డక్టులు మడిచే పని నాది.
రేకు మీద సుత్తి ఎక్కడ పడితే ఏమంటుందో
నా మోచేతికి తెలుసు.
అంచున చిర్రుమంటుంది,
నడిమధ్యన కడుపులోంచి మాట్లాడుతుంది.
ఎండకు పని ఆపేసిన ఒక మధ్యాహ్నం
రేకు మీద తోలుముక్క పరిచి, పక్కన ఫోను పెట్టి
పదకొండు దెబ్బలు కొట్టాను.
మొదటిది నిద్రపోయేవాడి భుజం తట్టినట్టు,
చివరిది ఊరు లేచేటట్టు.

రాత్రుళ్ళు చెవులకు తగిలించుకుని
దెబ్బ దెబ్బనీ కత్తిరించి మీట మీటకీ అతికించాను.
తోక ఎంత పొడుగుండాలి, గోడ ఎంత మోగాలి,
అవి తేలడానికే నెల పట్టింది.
ఏడో దెబ్బ తోకలో ఓబులేసు దగ్గాడు.
ఆరోజు పక్కనే కూచుని అన్నం తింటున్నాడు.
సిమెంటు దుమ్ము దగ్గు, ఖళ్ అని, చిన్నదే.
రేపు తీసేద్దామనుకుని పడుకున్నాను.

మొదట ఏసోబుకిచ్చాను, ఊరికే.
రాజోలు మనిషి, శుక్రవారం ప్రార్థనలో వాయిస్తాడు.
ఏసోబు పాలమూరు బ్యాండు పిల్లలకి,
వాళ్ళు సాల్మియాలో ఇంకెవరికో.
పెన్‌డ్రైవుని అకామా చూపించమనేదెవరు?

ఊరికే ఇచ్చినదాన్ని జనం ఊరికే ఇవ్వరు.
హవల్లీలో ఐదు దినార్లకు పోతోందట,
పైగా "నేనే చేశా" అంటున్నాడట ఎవడో.
ఐదు దినార్లంటే నాకు ఒక పగలు.
ఆ రాత్రి ముద్ద దిగలేదు.

ఆ మంట మీదే ఉస్తాద్ రమ్‌జీ దగ్గరికి పోయాను.
ఈజిప్టు మనిషి, పెళ్ళిళ్ళలో వాయిస్తాడు.
ఏమీ అనకుండా గాంధారాన్ని రవ్వంత కిందికి దించి వినిపించాడు.
రెండు మీటల ఇరుకులో ఇంత చోటుందా అనిపించింది,
మా గదిలో ఆరుగురం పట్టినట్టు.
ఎంతివ్వాలి అంటే నవ్వాడు.
"స్వరం ఊరందరిది. దానికి చాయ్ చాలు.
నీ డప్పు సంగతి వేరు,
కొట్టింది నువ్వు, కోసింది నువ్వు. ధర పెట్టు."

పెట్టాను. రెండు దినార్లు.
అమ్మే సరుకు శుభ్రంగా ఉండాలని
దగ్గు కోసేసి, కడిగిన గిన్నెలా చేసి పంపాను.
మర్నాడే పాలమూరు నుంచొచ్చిన పిల్లగాడి ఫోను.
"గిది గాదే అన్నా, ఆ ఖళ్ అన్నదే గావాలె.
ఏడో దెబ్బకు అది పడకుంటే
ఎగిరెటోళ్ళ కాళ్ళు ఆగిపోతున్నయ్."

నమ్మలేదు.
తర్వాతి వారం అబ్బాసియాలో ఒక పెళ్ళిహాలు,
చల్లదనం రావట్లేదని పిలిస్తే పైకప్పులోకి పాకాను.
కింద నా డప్పు మోగుతోంది.
నేను మడిచిన రేకుగొట్టం గుండానే పైకొస్తోంది.
ఐదు, ఆరు, ఏడు,
ఖళ్.
మూడు నెలల కిందట జహ్రా క్యాంపుకి మారిపోయినవాడు
చీకట్లో నా చెవి పక్కనే దగ్గాడు.
స్పానరు జారిపోయింది.

ఇప్పుడు దగ్గున్నదే అమ్ముతున్నాను.
రెండు దినార్లలో అర దినారు ఓబులేసుది.
లెక్క చెప్పడానికి ఫోను చేశాను.
"దగ్గుకి కూలా!" అని నవ్వాడు.
"ఇంకోటి కావాలంటే చెప్పు, వెంటనే ఇస్తా."
నవ్వు దగ్గయింది.
నేను ఫోను పట్టుకునే ఉన్నాను.
ఏడో దెబ్బలో ఉన్నదానికన్నా
అది చాలా పొడుగ్గా ఉంది.